ఇంటర్నల్ రెవెన్యూ సర్వీస్: వ్యవస్థ, పనితీరు కొలమానాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాల కేంద్ర ప్రభుత్వానికి పన్నులు వసూలు చేసే సంస్థ ఇంటర్నల్ రెవెన్యూ సర్వీస్. ట్రెజరీ శాఖకు అనుబంధంగా పనిచేస్తుంది. ఐ.ఆర్.ఎస్. అనే పొడి అక్షరాలతో ప్రసిద్ధం. మన దేశంలోని ఇండియన్ రెవెన్యూ సర్వీసుతో దీనికి సంబంధం లేదు.

ఆరంభ దశ

అంతర్యుద్ధపు ఖర్చుల కోసం 1862లో అబ్రహాం లింకన్ ఆమోదించిన చట్టంతో కమిషనర్ పదవి ఏర్పడింది. 1913లో వచ్చిన పదహారవ రాజ్యాంగ సవరణ ఆదాయపు పన్నుకు గట్టి పునాది వేసింది. చాలాకాలం రాజకీయ సిఫారసుతో వచ్చిన కలెక్టర్లే వసూళ్లు చూసేవారు. అవినీతి బయటపడడంతో 1952లో అధ్యక్షుడు ట్రూమన్ ఆ పదవులను రద్దుచేసి, జిల్లా కార్యాలయాలను శాశ్వత ఉద్యోగులకు అప్పగించారు. ప్రస్తుత నామం 1953 నుంచి వాడుకలో ఉంది.

1998 సంస్కరణ

జిల్లాలు, అధికారుల పనితనాన్ని అంచనా వేయడంలో వసూలైన సొమ్ము, జరిపిన జప్తులు చాలాకాలం ప్రధాన లెక్కలుగా ఉండేవి. ఆ లెక్కలతో వసూలు సిబ్బంది ప్రతిభను నిర్ణయించరాదని 1988 నాటి పన్నుదారుల హక్కుల చట్టం ఆదేశించినా ఆచరణ మారలేదు. 1997 సెప్టెంబరులో సెనేట్ ఫైనాన్స్ కమిటీ విచారణలో పన్నుదారులూ ఉద్యోగులూ వేధింపుల గురించి సాక్ష్యం చెప్పారు. సంస్థ సొంత ఆడిట్‌లోనూ ఇలాంటి లెక్కల వాడకం బయటపడింది.

ఆ ఏడాది నవంబరులో కమిషనర్‌గా వచ్చిన చార్లెస్ రొసొట్టి పన్ను న్యాయవాది కాదు, వ్యాపార నిర్వహణలో ఆరితేరినవాడు. 1998 జులై 22న అమల్లోకి వచ్చిన పునర్వ్యవస్థీకరణ చట్టం ఆయనకు దన్నుగా నిలిచింది. వసూళ్ల ఫలితాలతో ఉద్యోగులను బేరీజు వేయడాన్నీ, వారికి కోటాలు విధించడాన్నీ దాని 1204వ సెక్షన్ నిషేధించింది. నిషేధాన్ని పాటిస్తున్నామని సంబంధిత పర్యవేక్షకులు మూడు నెలలకోసారి ధ్రువీకరించాలి.

1999 నిబంధనలు పన్నుదారుల సంతృప్తి, ఉద్యోగుల సంతృప్తి, పని ఫలితాలు అనే మూడు కొలమానాలను నిర్దేశించాయి. ఫలితాల్లో నాణ్యతను ఫైళ్ల నమూనా పరిశీలనతోనూ, పరిమాణాన్ని ముగించిన కేసుల సంఖ్య వంటి తటస్థమైన లెక్కలతోనూ చూస్తారు. 2000లో ప్రాంతాలవారీ ఏర్పాటు పోయి పన్నుదారుల తరగతిని బట్టి నాలుగు విభాగాలు వచ్చాయి: జీతాలు, పెట్టుబడుల ఆదాయం గలవారు; చిన్న వ్యాపారులు, స్వయం ఉపాధి పొందేవారు; పెద్ద, మధ్యతరహా సంస్థలు; పన్ను మినహాయింపు సంస్థలు, ప్రభుత్వ సంస్థలు.

తరువాతి పరిణామాలు

రావలసిన పన్నుకూ సకాలంలో స్వచ్ఛందంగా చెల్లించిన దానికీ మధ్య అంతరాన్ని 2001 సంవత్సరానికి సుమారు 34,500 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు. 2007కల్లా 80 శాతం రిటర్నులు ఎలక్ట్రానిక్ పద్ధతిలో రావాలన్న లక్ష్యం గడువులోగా నెరవేరలేదు. వ్యక్తుల రిటర్నుల్లో 2012 నాటికి గానీ ఆ స్థాయి అందలేదు.

కోవిడ్ కాలంలో ఫోన్ సేవల స్థాయి (సిబ్బందికి మళ్లించిన కాల్స్‌లో వారు అందుకున్న వాటా) 20 శాతంలోపుకు పడిపోయింది. 2022లో అమెరికా కాంగ్రెస్ అదనపు నిధులు మంజూరు చేశాక, 2023 రిటర్నుల సీజనులో 80 శాతం దాటింది. అయితే సంస్థకు వచ్చిన కాల్స్ అన్నీ ఈ కొలతలో చేరవు. అందువల్ల ఇది పన్నుదారుల అసలు అనుభవాన్ని చూపదని సంస్థలోని జాతీయ పన్నుదారుల న్యాయవాది కార్యాలయమే విమర్శించింది. ఇన్ని మార్పుల నడుమ 1204వ సెక్షన్ మాత్రం రద్దు కాలేదు.