రూజ్వెల్టుల మూలపురుషుడు

అమెరికా అధ్యక్షుల్లో రూజ్వెల్టులు ఇద్దరు. 1901 నుంచి 1909 దాకా థియొడోర్, 1933 నుంచి 1945 దాకా ఫ్రాంక్లిన్. ఆయనకి ఈయన దగ్గరి చుట్టమే అనుకునేవాణ్ణి చాన్నాళ్ళు. తీరా చూస్తే ఇద్దరి వంశాలూ కలిసేది 1658లో పుట్టిన ఒక పిల్లాడి దగ్గర! (ఫ్రాంక్లిన్ భార్య ఎలినార్ మాత్రం థియొడోర్‌కి సొంత తమ్ముడి కూతురు. అది వేరే కథ.)

ఆ పిల్లాడి తండ్రి క్లాస్ మార్టెన్సెన్ వాన్ రోసెన్‌వెల్ట్. 1640ల చివరికల్లా న్యూ ఆమ్‌స్టర్‌డామ్ అనే డచ్చి వలస ఊరికి వచ్చేశాడు. ఇప్పటి న్యూయార్క్ అన్నమాట.

మనిషిని వెతకడంలో మొదటి తిరకాసు పేరుతోనే. క్లాస్ అంటే నికొలస్‌కి పొట్టిపేరు. మార్టెన్సెన్ అంటే మార్టెన్ కొడుకు. ఇది ఇంటిపేరు కాదు, తండ్రి పేరు. తరం మారితే ఇదీ మారిపోతుంది. మనలాంటి డేటాబేసు జీవులకి ఇంతకన్నా పీడకల ఉండదు: ప్రతి తరానికీ కీ మారిపోయే టేబులు! చివరి ముక్క మాత్రం మన ఊరి ఇంటిపేర్ల లాంటిది, ‘గులాబీల పొలం నుంచి వచ్చినవాడు’ అని.

ఇంతకీ ఈయన గురించి కాగితాల్లో ఉన్నదెంత? చర్చి పుస్తకంలో పిల్లల బాప్తిస్మాలు, తర్వాత ఒక పొలం. లాంబర్ట్ వాన్ వాల్కెన్‌బర్గ్ అనే ఆయన దగ్గర కొన్నాడు, దాదాపు 48 ఎకరాలు. ఇప్పటి మన్‌హట్టన్‌లో 29వ వీధి నుంచి 35వ వీధి దాకా, లెక్సింగ్టన్, ఫిఫ్త్ అవెన్యూల మధ్య. ఎంపైర్ స్టేట్ బిల్డింగు ఆ రోడ్డుకి అవతలి పక్కనే. ఆ రోజుల్లో అది ఊరికి చాలా దూరంగా ఉన్న సేద్యపు భూమి.

1659లో క్లాస్ పోయాడు. మరుసటేడే భార్య యానెట్యే కూడా. పిల్లలందరిలోకీ చిన్నవాడు నికొలస్‌కి అప్పటికి రెండేళ్ళు. తల్లీతండ్రీ లేని పిల్లల ఆస్తి చూడటానికి ఆ ఊళ్ళో అనాథల అధికారులని ప్రత్యేకంగా ఉండేవారు. డచ్చివాళ్ళ పద్ధతుల్లో నాకు బాగా నచ్చిందిది. పరాయి గడ్డ మీద వేసుకున్న చిన్న ఊరు, అయినా అనాథ పిల్లల వాటా ఎవడూ మింగెయ్యకుండా ఒక వ్యవస్థ పెట్టుకున్నారు.

1664లో ఇంగ్లీషువాళ్ళు ఊరిని ఆక్రమించుకుని పేరు మార్చేశారు. ఇంగ్లీషు పాలనలో తండ్రి పేరు తగిలించుకునే అలవాటు మెల్లగా పోయింది. మన నికొలస్ పెద్దయ్యాక ‘వాన్’ కత్తిరించి రూజ్వెల్ట్ అని రాసుకున్నాడు, నగరసభ సభ్యుడు కూడా అయ్యాడు. అతని కొడుకు యోహానెస్ వంశంలో థియొడోర్, ఇంకో కొడుకు యాకోబుస్ వంశంలో ఫ్రాంక్లిన్. అంటే ఆ ఇంటిపేరుని నిలబెట్టింది సముద్రం దాటొచ్చిన తండ్రి కాదు, తండ్రి మొహం గుర్తుండే అవకాశమే లేని ఈ కొడుకు.

మరి క్లాస్ హాలండులో ఏ ఊరివాడు? జీలండ్‌లోని థోలెన్ దీవిలో ఔద్ వోస్‌మీర్ అనే ఊళ్ళో వాన్ రూజ్వెల్ట్ అనే భూస్వాముల కుటుంబం ఉండేది. పేరు కలిసింది కాబట్టి చుట్టరికం కలిపేశారు. కానీ ఆ రెంటినీ కలిపే దస్తావేజు లేదు. పేర్లు కలిసినంత మాత్రాన రెండు రికార్డులు ఒకటైపోతాయా?

ఇదే తర్కాన్ని 1930లలో ఇంకో రకంగా వాడారు. ఫ్రాంక్లిన్ అసలు పేరు రోసెన్‌ఫెల్డ్ అని, ఆయన యూదుడని నాజీలూ, అమెరికాలో వాళ్ళ భావజాలం ఉన్నవాళ్ళూ ప్రచారం చేశారు. యూదుడవడం తప్పయినట్టు! దీని గురించి 1935లో ఒక డెట్రాయిట్ సంపాదకుడు అడిగితే ఫ్రాంక్లిన్ ఉత్తరం రాశాడు. క్లాస్ హాలండు నుంచి వచ్చాడన్నదానికి మించి తనకి తెలియదని ఒప్పుకున్నాడు. పూర్వీకులు యూదులో, క్యాథలిక్కులో, ప్రొటెస్టంట్లో అయ్యుండొచ్చు, వాళ్ళు మంచి పౌరులేనా, దేవుణ్ణి నమ్మినవాళ్ళేనా అన్నదే తనకి ముఖ్యం అన్నాడు.

ఆయనకి తెలియకపోవడంలో వింతేముంది? క్లాస్ సొంత కొడుక్కే నాన్నది ఏ ఊరని అడగడానికి నాన్న లేడు.