ఉప్పుకు అణువు లేదని తేలిన కాలం

పంతొమ్మిదవ శతాబ్దపు రసాయన శాస్త్రవేత్తల దృష్టిలో ప్రతి సమ్మేళనమూ అణువుల రాశి. అణువు అంటే నిర్ణీత సంఖ్యలో పరమాణువులు కలిసి ఏర్పడిన విడి కూటమి. ఒక పరమాణువు ఎన్నింటితో కలవగలదో తెలిపే సంయోజకత అనే భావనకు 1852లో ఫ్రాంక్‌లాండ్ రూపమివ్వగా, కర్బనానికి ఆ సంఖ్య నాలుగని 1858లో కెకూలె, కూపర్ నిరూపించారు. ఆ నాలుగు బంధాలూ చతుర్ముఖి మూలల వైపు సాగుతాయని 1874లో వాంట్ హాఫ్, లె బెల్ ప్రతిపాదించారు. కర్బన రసాయన శాస్త్రంలో ఇంతగా ఫలించిన పద్ధతే ఉప్పుకూ వర్తించడంతో, ఒక సోడియం, ఒక క్లోరిన్ కలిసిన జతనే ఉప్పు అణువుగా పరిగణించడం ఆచారమైంది. నీటిలో కరిగిన లవణం విద్యుదావేశం గల అయాన్లుగా విడిపోతుందని 1887 నాటికి అర్హీనియస్ వాదించినా, కరగకముందు అణువులు ఉండవని ఆయనా అనలేదు.

ఆ నమ్మకాన్ని కదిలించినది స్ఫటికాల పరిశీలన. 1912లో మ్యూనిక్‌లో లావే సూచన మేరకు ఫ్రీడ్రిష్, క్నిపింగ్ స్ఫటికం గుండా ఎక్స్‌కిరణాలను పంపి, ఫొటో పలక మీద క్రమబద్ధమైన చుక్కలను రాబట్టారు. వాటి అర్థాన్ని విప్పిన విలియం లారెన్స్ బ్రాగ్ అప్పటికి కేంబ్రిడ్జ్‌లో పరిశోధక విద్యార్థి. పొటాషియం, క్లోరిన్ రెండూ ఎక్స్‌కిరణాలను దాదాపు సమానంగా చెదరగొట్టడం వల్ల పొటాషియం క్లోరైడ్ ఒకే రకపు పరమాణువుల అమరికలా కనిపిస్తుందనీ, సోడియం తేలిక కావడంతో మామూలు ఉప్పులో ఆ తేడా బయటపడుతుందనీ ఆయన గ్రహించిన తీరు ఈ చరిత్రలో అత్యంత సునిశితమైన ఘట్టం. 1913లో వెలువడిన ఆ నిర్మాణంలో ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరిన్లు, ప్రతి క్లోరిన్ చుట్టూ ఆరు సోడియంలు సమదూరంలో ఉన్నాయి. ఏ ఒక్క జతనూ అణువుగా విడదీసి చూపే వీలులేదు. అదే ఏడాది తండ్రితో కలిసి ఆయన పరిశీలించిన వజ్రంలో మాత్రం ప్రతి కర్బనానికీ నలుగురే పొరుగువారు, అదీ వాంట్ హాఫ్ ఊహించిన చతుర్ముఖి రూపంలోనే.

ఈ భేదానికి 1916లో వివరణ లభించింది. ఒక పరమాణువు ఎలక్ట్రాన్‌ను కోల్పోగా మరొకటి దానిని గ్రహించడం వల్ల ఏర్పడిన అయాన్ల మధ్య ఆకర్షణను, అంటే అయానిక బంధాన్ని కోసెల్ వివరించగా, రెండు పరమాణువులు ఒక ఎలక్ట్రాన్ జంటను ఉమ్మడిగా పంచుకునే బంధాన్ని లూయిస్ ప్రతిపాదించాడు. దానికే 1919లో లాంగ్‌మ్యూర్ సమయోజనీయత అనే పేరు స్థిరపరిచాడు.

అయినా 1927లో, దాదాపు ఎనభై ఏళ్ల వయసులో, హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ ‘నేచర్’ పత్రికకు లేఖ రాసి, ఉప్పును చదరంగపు గళ్ల వంటి అమరికగా వర్ణించడాన్ని తీవ్రంగా నిరసించాడు. ఆ నిరసనను ముసలితనపు మొండితనంగా తోసిపుచ్చడం అన్యాయం, ఎందుకంటే అణువు అనే భావన మీదనే ఆయన తరం తన విజ్ఞానమంతా నిర్మించింది. బెంజీన్ అణువు నిర్మాణాన్ని వివరించేందుకు 1887లో ఆయనే ఒక నమూనాను ప్రతిపాదించి ఉన్నాడు. ఉప్పుకు అణువును నిరాకరించిన ఆ ఎక్స్‌కిరణాలతోనే 1929లో లీడ్స్‌లో కాథ్లీన్ లాన్స్‌డేల్ హెక్సామిథైల్‌బెంజీన్ స్ఫటికాన్ని పరీక్షించి, అందులో ఆరు కర్బనాల వలయం సమతలంగా, విడి అణువుగా ఉందని నిరూపించింది.