ఏరణ్ శిలాశాసనములు: గుప్త సామ్రాజ్య క్షీణత, సామంత వ్యవస్థ

మధ్యప్రదేశమున సాగర్ జిల్లాలో, బీనా నదీతీరమున నున్న ఏరణ్ అను పల్లె, శాసనములలో ఐరికిణమని వ్యవహరింపబడినది, గుప్త సామ్రాజ్యపు అవసానదశను తెలిసికొనగోరువారు పాటలీపుత్రముకంటె ముందుగా చూడవలసిన తావు. క్రీ.శ. 484లో, బుధగుప్తుడు చక్రవర్తిగా నుండగా, మహారాజ మాతృవిష్ణువును అతని తమ్ముడు ధన్యవిష్ణువును కలసి అచ్చట జనార్దనునకు ధ్వజస్తంభము నెత్తించిరి. కొంతకాలమునకు, అన్న స్వర్గస్థుడైన పిమ్మట, ఆ ధన్యవిష్ణువే వరాహమూర్తికి ఆలయము కట్టించి విగ్రహము ఱొమ్ముపై శాసనము చెక్కించెను. అయితే ఈ మాఱు కాలము చెప్పినది గుప్త సంవత్సరముతో గాదు, హూణరాజగు తోరమాణుని ప్రథమ రాజ్యవర్షముతో. చక్రవర్తి మాఱెను, ఊరిపై పెత్తనము మాత్రము ఆ యింటి గడప దాటలేదు.

హూణుల దండయాత్రలే గుప్తులను కూల్చినవని చిరకాలముగా చెప్పుచున్నారు. ఆ దెబ్బ చిన్నది కాదు. కాని గుప్త చక్రవర్తి స్కందగుప్తుడు వారి నొకమాఱు నిలువరించినవాడే. అతని బంగారు నాణెముల తూకము పెరిగి మేలిమి తఱుగుటను చూచినచో, బొక్కసపు ఇబ్బంది అప్పటికే మొదలైనదని తోచును. బొక్కసమునకు రావలసిన పన్ను ఎచ్చట ఆగిపోయినదను ప్రశ్నకు యుద్ధవర్ణనలకంటె తామ్రశాసనములే తిన్నని సమాధాన మిచ్చును.

ద్వితీయ చంద్రగుప్తుని దౌహిత్రుడును వాకాటక ప్రభువునగు ద్వితీయ ప్రవరసేనుడు, తన 18వ రాజ్యవర్షమున వేయిమంది బ్రాహ్మణులకు చర్మాంకమను గ్రామమును ధారవోసిన చమ్మక్ శాసనమును చూడుడు. ఆ గ్రామమున రాజభటులు అడుగు పెట్టరాదు, పాలు, పూలు, గడ్డి, తోలు, బొగ్గులు అడుగరాదు, ఉప్పు త్రవ్వరాదు, వెట్టి చేయింపరాదు, నిధినిక్షేపములు సైతము ప్రతిగ్రహీతలవే. ఇన్నియు వదలుకొన్న రాజు, చివర నొక నిబంధన పెట్టెను: వారు రాజద్రోహము తలపెట్టక, దొంగతనమునకును వ్యభిచారమునకును పాల్పడక, యుద్ధమునకు దిగక, ఇతర గ్రామములకు కీడు చేయక యున్నంతవఱకే యీ దానము చెల్లును. పుణ్యమునకై చేసిన దానమున ఇట్టి జాగ్రత్త యేల? ఇచ్చినది పొలము మాత్రమే కాదనియు, అధికారమనియు ఆ రాజు ఎఱుగును. ఈ పరిహారములకు, అనగా మినహాయింపులకు, బీజము మన శాతవాహనుల కాలముననే పడినది. గౌతమీపుత్ర శాతకర్ణి నాసికములో భిక్షువుల కిచ్చిన పొలమునకును రాజపురుషుల ప్రవేశము నిషిద్ధము. నాడది చేనికి పరిమితము, ఇప్పుడు ఊరంతటికిని వ్యాపించినది.

ఉద్యోగుల వైపునను ఇదియే నడక. వంగదేశపు దామోదరపుర శాసనములలో కుమారగుప్తుని నాటి చిరాతదత్తుడు వట్టి ఉపరికుడు, అనగా రాష్ట్రపాలకుడు. బుధగుప్తుని నాటి బ్రహ్మదత్త జయదత్తులు ‘ఉపరిక మహారాజులు’. మువ్వురి పేళ్లును ‘దత్త’తో ముగియుటను బట్టి పదవి ఒకే కుటుంబమున నిలిచినదని కొందఱు ఊహించిరి; నా కది అసంభవముగా తోపదు. వలభిలో మైత్రకుడగు భటార్కుడును, అతని పెద్దకొడుకును సేనాపతులమనియే చెప్పుకొనిరి; రెండవ కొడుకు ద్రోణసింహునకు పరమస్వామియే, అనగా సార్వభౌముడే, స్వయముగా మహారాజ పట్టాభిషేకము చేసెనని వారి శాసనములు చాటుచున్నవి. ‘సామంత’ శబ్దమును ఈ త్రోవనే నడచినది: అర్థశాస్త్రమున పొరుగురాజునకు చెల్లిన మాట, బాణుని హర్షచరిత్రము నాటికి చక్రవర్తి వాకిట కాచుకొనియుండు అధీనునకు పేరైనది.

దీనినంతటిని 1965లో చరిత్రకారుడు రామశరణ శర్మ భారతీయ ఫ్యూడలిజమని సిద్ధాంతీకరించెను. మతపరమైన దానములను ఐరోపాలోని సైనికసేవా భూములతో పోల్చరాదని దినేశచంద్ర సర్కారు వాదించెను. పోలిక విషయమున సర్కారుగారి అభ్యంతరము సరియైనదే. కాని పేరేదైనను, రాజునకును రైతునకును నడుమ మఱియొక చేయి వచ్చినదన్న శర్మగారి పరిశీలనను అది త్రోసిపుచ్చజాలదు. రాగిరేకుపై మిగులునది దాతయు గ్రహీతయు చెప్పుకొన్న మాటయే. వెట్టి యెవనికి ఎంత పడినదో ఆ పొలము దున్నినవాడు చెక్కించిన శాసనము లేదు.

ఏరణ్‌లోనే 510 నాటి మఱియొక చిన్న స్తంభము కలదు. గుప్తరాజగు భానుగుప్తునితో కలసివచ్చి యుద్ధమున కూలిన గోపరాజునకు అది స్మారకము. అతని భార్య చితి నెక్కినదనియు అందు వ్రాసియున్నది. ఏలిక పక్షమున ప్రాణము లర్పించిన వాని ఆ స్తంభమును తరువాతివారు శివలింగముగా మలచుకొని పూజించిరి.