తెలుగు గణిత పరిభాష - స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్: చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

ఒక భాషలో శాస్త్రం నిలవాలంటే ఆ శాస్త్రాన్ని తన అవసరానికి తగినట్లు మలచుకొనే అవకాశం ఆ భాషకు ఉండాలి. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత ‘గణితసారసంగ్రహాన్ని’ తెలుగులోకి తెచ్చాడు. నేడు గణితాన్ని గ్రంథాలతోపాటు సాఫ్ట్‌వేర్ కూడా మోస్తున్నది. గ్రంథాన్ని అనువదించినట్లు సాఫ్ట్‌వేర్‌ను అనువదించగలమా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

2. ఉచితం, స్వేచ్ఛ

1970ల చివర క్లీవ్ మోలర్ తన విద్యార్థులకోసం రూపొందించిన మాట్‌ల్యాబ్ 1984 నుండి వాణిజ్య సాఫ్ట్‌వేర్‌గా వెలువడింది. 1992లో జాన్ ఈటన్ గ్నూ ఆక్టేవ్ రచన ప్రారంభించాడు. దానిని ఎవరైనా వాడవచ్చు, పరిశీలించవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. ఫ్రాన్స్‌కు చెందిన సైలాబ్ 1994 నుండి వెల లేకుండా లభించినా, పూర్తి స్వేచ్ఛా లైసెన్సు దానికి 2008లో 5వ వెర్షన్‌తోనే వచ్చింది. ఆంగ్లంలో ఒకే మాటలో కలిసిపోయే ఉచితం, స్వేచ్ఛ వేర్వేరని ఈ చరిత్ర తెలుపుతున్నది. అనువాదకునికి కావలసింది రెండవది.

3. తెలుగు స్వరం, ఆంగ్ల తెర

వరంగల్లు జిల్లా లక్నేపల్లిలో జన్మించిన పి.వి. నరసింహారావు తొలి అధ్యక్షులుగా 1968లో తెలుగు అకాడమి ఏర్పడింది. మాత్రిక, సదిశ, నిర్ధారకం వంటి పదాలు అకాడమి పాఠ్యపుస్తకాల ద్వారా ఇంటర్మీడియట్ విద్యార్థులకు పరిచయమయ్యాయి. అయితే వరంగల్లులో 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల (నేటి ఎన్.ఐ.టి.) వంటి సంస్థలలో బోధన ఆంగ్లంలోనే సాగుతుంది. తెలుగు మాధ్యమ విద్యార్థి తాను నేర్చిన పరిభాషను కళాశాల గుమ్మం వద్దనే విడిచిపెట్టవలసి వస్తున్నది.

ఐ.ఐ.టి. బొంబాయిలో కేంద్రప్రభుత్వ సహాయంతో ఆరంభమైన స్పోకెన్ ట్యుటోరియల్ పథకం ఈ లోటును కొంత పూరించింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పాఠాలను తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో వినిపిస్తున్నది. విద్యార్థి పాఠం వింటూ పక్కనే తానూ సాధన చేస్తాడు. వినిపించే స్వరం తెలుగుదే అయినా తెరపై కనిపించే అక్షరాలు ఆంగ్లానివే.

4. ముగింపు

సాఫ్ట్‌వేర్ సందేశాలను, కరదీపికలను తెలుగులోకి మార్చుకొనే హక్కును స్వేచ్ఛా లైసెన్సు ఇస్తున్నది. అందుకు కావలసిన పరిభాషలో అధికభాగం అకాడమి పుస్తకాలలో సిద్ధంగా ఉన్నది. ఈ రెండింటినీ కలపడం తెలుగు శాఖలు, సాంకేతిక విభాగాలు కూడి చేయవలసిన పని. కాకతీయ విశ్వవిద్యాలయం, ఎన్.ఐ.టి. రెండూ ఉన్న వరంగల్లు అందుకు అనువైన చోటు. ఈ పనికి ఎవరి అనుమతీ అక్కరలేదు, పూనుకొనేవారు కావాలి.