బస్సు ఖర్చు ఎవరిది?

హైదరాబాద్ రాజ్యంలో సర్కారు బస్సు రైల్వే వారి ఖాతాలో పుట్టింది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే తన కింద రోడ్డు రవాణా విభాగాన్ని తెరిచి 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డెక్కింది. పెట్టిన పెట్టుబడి 3.93 లక్షల రూపాయలు. స్కాట్లండ్‌లో తయారైన ఆల్బియన్ బస్సు ఒకటి ఆ కాలం గుర్తుగా ఆర్టీసీ దగ్గర ఇప్పటికీ భద్రంగా ఉంది. ఆర్టీసీ బస్సుల నంబర్లలో కనిపించే ‘జెడ్’ అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరు నుంచి వచ్చిందని పాత ఉద్యోగులు చెప్పుకుంటారు.

రైల్వేకి బస్సులెందుకు? 1930 ఏప్రిల్‌లో నిజాం ప్రభుత్వం బ్రిటిష్ కంపెనీ చేతిలో ఉన్న రైల్వేను కొనేసింది. అంటే రైలుకు నష్టమొస్తే ఖజానాకే నష్టం. దేశమంతటా పట్టాల పక్కనే ప్రైవేటు మోటార్లు పరుగెత్తి రైలు ప్రయాణికులను ఎగరేసుకుపోతున్న రోజులవి. హైదరాబాద్ రైల్వే అధికారులు ఆ పోటీని బయటివాళ్లకు వదలకుండా బస్సును కూడా తామే నడిపారు. రైలు లేని ఊళ్ల నుంచి జనాన్ని స్టేషన్‌కు చేర్చడం, రైలున్న దారిలో దానికి గండి పడకుండా చూడడం వాళ్ల లెక్క. రూటు గీసేదీ డబ్బు పెట్టేదీ ఒకే ఆఫీసు. ఈ దేశంలో బస్సు చరిత్ర మొత్తాన్నీ అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క సంగతి చాలా పనికొస్తుందని నా నమ్మకం.

అప్పటికి కోస్తా జిల్లాల సంగతి వేరు. అక్కడ బస్సంటే ప్రైవేటు సర్వీసే. పర్మిట్ ఉన్న యజమాని, డ్రైవరు, కండక్టరు, క్లీనరు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు కటకట వచ్చాక బస్సు వెనక బొగ్గు పొయ్యి బిగించి ఆ గ్యాస్‌తో ఇంజను నడిపారు. బయలుదేరే ముందు క్లీనరు చేత్తో హ్యాండిల్ తిప్పి పొయ్యిని రాజేయాలి. ఎత్తు వస్తే ఇంజను మొరాయించేది, జనం దిగి తోసేవారు. సీట్లు నిండాకే బండి కదిలేది. నాలుగు డబ్బులొచ్చే దారిలో బస్సు మీద బస్సు, రాని దారిలో ఎడ్లబండి.

స్వాతంత్ర్యం తరవాత రెండు వైపులా మార్పు వచ్చింది. నిజాం రైల్వే కేంద్రం చేతికి వెళ్లింది. బస్సుల విభాగం మాత్రం 1951 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. పట్టాలు ఢిల్లీకి, టైర్లు హైదరాబాద్‌కు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1950 నాటి రోడ్డు రవాణా కార్పొరేషన్ల చట్టం కింద 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్‌టీసీ పుట్టింది. ఇక కోస్తా రూట్లను జాతీయం చేయడం మిగిలింది. కృష్ణా జిల్లాలో గొడవ మొదలైంది అక్కడే.

బస్సు యజమానులు ఊరుకోలేదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం జాతీయీకరణ స్కీమును ముందుగా ప్రకటించి, అభ్యంతరాలు విని, ఆ తర్వాతే ఆమోదించాలి. ఇక్కడ అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ కార్యదర్శి, స్కీమును ఖాయం చేసింది ముఖ్యమంత్రి. గుల్లపల్లి నాగేశ్వరరావు, మరికొందరు ఆపరేటర్లు సుప్రీంకోర్టుకెక్కారు. 1958 నవంబరులో మెజారిటీ తీర్పు రాసింది రాజమండ్రి వాడైన జస్టిస్ కోకా సుబ్బారావు. ఒకరు వాదన విని ఇంకొకరు నిర్ణయం చెప్పడం న్యాయం కాదంటూ స్కీము ఆమోదాన్ని కొట్టేశారు. పైగా స్కీము తెచ్చిన శాఖకు పెద్దే దాని మీద విచారణ జరిపాడు. పాలనా చట్టం చదివే ప్రతి విద్యార్థికీ ఈ కేసు తెలుసు. అది బెజవాడ చుట్టుపక్కల బస్సుల గురించిన తగువు అన్నది మాత్రం చాలామందికి గుర్తుండదు. తర్వాత ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి స్వయంగా వాదనలు విన్నారు. మళ్లీ కోర్టుకెళ్లినా 1959లో యజమానులకు ఊరట దక్కలేదు.

ఇక డబ్బు సంగతి. జాతీయీకరణ అంటే సర్కారు ఆ బస్సులన్నీ కొనేసిందనుకుంటాం. కాదు. మోటారు వాహనాల చట్టం పరిహారమిచ్చింది పర్మిట్‌కే. రద్దయిన పర్మిట్‌లో మిగిలిన ప్రతి నెలకూ 200 రూపాయలు. బస్సు, షెడ్డు యజమానికే మిగిలాయి. కార్పొరేషన్ మాత్రం కొత్త బస్సులు, డిపోలు సమకూర్చుకోవాలి. పెట్టుబడిలో రాష్ట్రం రెండు వంతులు, కేంద్రం ఒక వంతు భరించాలన్నది పద్ధతి. కాలక్రమంలో కేంద్రం తన వంతు ఆపేసింది. కార్పొరేషన్లు అప్పుల మీద పడ్డాయి.

కార్పొరేషన్ల చట్టంలోనే ఒక ముడి ఉంది. ప్రజలకు సరిపడా, సమర్థమైన, చవకైన రవాణా ఇవ్వాలని ఒక సెక్షన్ అంటుంది. వ్యాపార సూత్రాల మీద నడవాలని ఇంకో సెక్షన్ అంటుంది. లాభం మిగిలితే రోడ్ల అభివృద్ధికి ప్రభుత్వానికి అప్పగించాలని కూడా రాశారు. అంత లాభం వస్తుందని 1950లో ఆశపడ్డారన్న మాట! ఆచరణలో ఛార్జీ ప్రభుత్వం ఖరారు చేస్తుంది. విద్యార్థి పాసుల రాయితీ ప్రభుత్వం ప్రకటిస్తుంది. లెక్క తేలని భారం కార్పొరేషన్ మీద పడుతుంది. హైదరాబాద్-విజయవాడ లాంటి దారిలో సంపాదించిన సొమ్ముతో పల్లె వెలుగు నడిపించడమే చాలాకాలం ఉన్న ఏర్పాటు. దూరప్రాంత ప్రైవేటు బస్సులు ఆ దారుల్లో బేరాలు తన్నుకుపోయాక పల్లె బస్సుకు ఆసరా సన్నగిల్లింది. అలాంటప్పుడు ఆ సర్వీసు నష్టాల్లో ఉందని డిపో మేనేజరును నిలదీయడం అన్యాయం. ఆ నష్టం సేవలోనే భాగం. దాన్ని బడ్జెట్‌లో ముందే చూపించి భరించాల్సింది ప్రభుత్వం.

ఒకప్పుడు రూట్ల ప్రణాళికకు అసలు ఆధారం కండక్టరు చేతి రాత. టికెట్ ట్రేలో రేటుకో కట్ట ఉండేది. స్టేజీ దాటిన ప్రతిసారీ ఏ కట్టలో ఏ నంబరు దాకా చించాడో ఎస్.ఆర్. అనే లెక్కల కాగితంలో దిగరాసుకోవాలి. గతుకుల రోడ్డు మీద నిలబడి, ఒక భుజానికి డబ్బు సంచీ, చెవి వెనక పెన్ను. ఆ అంకెలు డిపోకు చేరాకే కిలోమీటరుకు ఎంత వచ్చింది, ఆక్యుపెన్సీ ఎంత అన్న లెక్క తేలేది. దాన్ని బట్టే ట్రిప్పు ఉంచేవారు, ఎత్తేసేవారు. వసూలైన డబ్బు చెప్పే కథ మాత్రమే ఆ కాగితంలో ఉండేది. బస్సు రాని ఊరి అవసరం అందులోకి ఎక్కే వీల్లేదు.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. 2009 తర్వాత నగరాల అభివృద్ధి పథకమైన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కింద కేంద్రం నగర బస్సులకు మళ్లీ డబ్బిచ్చింది. 2020 జనవరిలో ఏపీఎస్‌ఆర్‌టీసీ సిబ్బంది ప్రభుత్వోద్యోగులయ్యారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. మహిళ ఎక్కగానే కండక్టరు మెషిన్‌లో జీరో టికెట్ కొడతాడు. ప్రయాణికురాలికి అది సున్నా. ఖజానాకు మాత్రం అది బిల్లు. ఏ స్టేజీలో ఎక్కిందో, ఎక్కడ దిగుతుందో కూడా ఆ టికెట్ మీద ఉంటుంది.

నా దృష్టిలో జీరో టికెట్ విలువ ఇక్కడే ఉంది. పేదరాలు ఎక్కడికి వెళ్తుందన్న లెక్క ప్రణాళిక వేసేవాళ్ల ముందు రోజూ పడుతోంది. మార్కెట్‌కు వెళ్లే కూరగాయల మనిషి, షిఫ్టు దిగే నర్సు, కాలేజీ పిల్ల, అందరూ అందులో ఉన్నారు. ఆ లెక్కతోనే పొద్దుటి ట్రిప్పు గంట ముందుకు జరపవచ్చు, కిక్కిరిసిన రూటుకు ఇంకో బస్సు వేయవచ్చు. అయితే రీయింబర్స్‌మెంట్ నెలనెలా డిపోకు చేరాలి. పాత బస్సు తీసేసిన నెలలోనే కొత్తది రావాలి. ఈ రెండూ బడ్జెట్ పద్దులో విడిగా, పేరు పెట్టి రాయాల్సిన అంకెలు.