పలకలు పైకెత్తండప్పా

ఆ చెనక్కాయలు మాడిపోతాండాయి, పుల్లతో కొంచెం ఇవతలికి జరుపప్పా. ఊఁ, ఇప్పుడు విను. పొద్దున నీ ప్రోగ్రెస్ కార్డు చూసినప్పటి నుంచి నా మనసులో ఇదే తిరుగుతాంది. ఈ మార్కులూ గ్రేడులూ లేని కాలంలో, పిలగానికి చదువు వచ్చిందా లేదా అని అయ్యవార్లు ఎట్ల కనుక్కునేటోళ్లు?

మా జేజినాయన చదివింది అరుగు బడిలో. తెల్లారుతానే బడి కాడుండాల. అందరికంటే ముందు వచ్చినోని అరచేతిలో అయ్యవారు సరస్వతి పేరు రాసేటోడంట. రెండోవానికి సున్న చుట్టేటోడు, మెప్పూ లేదు తిట్టూ లేదని. మూడోవానికి బెత్తంతో ఒకటి, నాలుగోవానికి రెండు, ఆ పైన ఒక్కొక్కటి ఎక్కువ. ఆఖర్న వచ్చినోని చెయ్యి ఏమైతాదో నువ్వే లెక్కేసుకో. కట్టుకథ కాదప్పా ఇది. మన్రో దొర మద్రాసు గవర్నరుగా ఉన్నప్పుడు, మీ జిల్లాల్లో బళ్లు ఎన్ని, ఎట్ల నడుస్తాండాయి అని కలెక్టర్లను అడిగినాడు. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన జవాబులో ఈ సరస్వతి, సున్న, బెత్తం అన్నీ ఉన్నాయి. మన అనంతపురం అప్పుడు బళ్లారి జిల్లాలోదే, 1882లో గదా వేరైంది. జిల్లా అంతటికీ 533 బళ్లని రాసినాడాయన.

సరే, అది ఎవరు ముందొచ్చినారనే సంగతి. చదువు సంగతి వేరే. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేటోడు ఒక జట్టు, పలక పట్టినోడు ఇంకో జట్టు. పెద్ద జట్టోడు చిన్న జట్టోనికి చెప్పాల. తనకు సగమే వచ్చుంటే చెప్పేటప్పుడే నత్తి కొడతాడు. అయ్యవారు అరుగు మీద కూర్చుని చెవి ఇటు పెట్టుకుంటే చాలు, ఇద్దరి చదువూ తెలిసిపోయేది. వేరే పరీక్ష యాడిది? ఈ పద్ధతిని క్యాంప్‌బెల్ దొర మెచ్చుకున్నాడు. ఆయనకంటే ముందే, మద్రాసు ఎగ్మూరులో ఒక అనాథ పిల్లల బడి చూసుకునే ఆండ్రూ బెల్ అనే పాదిరి ఇట్లాంటి వీధి బడే చూసి, తన బడిలో పెట్టి, 1797లో ఇంగ్లండులో పుస్తకమే అచ్చేసినాడు. మన అరుగు బడి చదువు సీమకు పోయి మద్రాసు పద్ధతి అనిపించుకుంది.

ఆ మీదట దొరలు పరీక్షకూ దుడ్డుకూ ముడిపెట్టినారు. ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కొక్క పిలగాన్ని నిలబెట్టి చదివిస్తాడు, రాయిస్తాడు, లెక్క చేయిస్తాడు. ఎంతమంది ప్యాసైతే బడికి అంత గ్రాంటు. ఇంక అయ్యవారు ఊరకుంటాడా? పుస్తకం మొత్తం కంఠస్థం పట్టించేటోడు. మందకొడి పిలగాళ్లు ఆ పొద్దు గొర్లు మేపను పోయేటోళ్లని మా జేజినాయన నవ్వుకుంటా చెప్పేటోడు. ఆయనా ఒకసారి పోయినట్టే ఉండాడు, ఒప్పుకోలేదు గానీ.

మా కాలానికి పలకలు, ఎక్కాలు, డిక్టేషను. మా అయ్యవారి కాడ ఒక కిటుకు ఉండె. ఎక్కం పైనుంచి కిందికి గడగడా చదివితే ఆయన లెక్కలోకే తీసుకోడు. నడిమధ్యలో పట్టుకునేటోడు: పదమూడు తొమ్ముల? పైనుంచి పాట మాదిరి నేర్చుకున్నోడు పదమూడు ఒకట్ల నుంచి గొణుక్కుంటా, పెదవులు కదిలించుకుంటా వచ్చి తొమ్మిది కాడ ఆగుతాడు. తెలిసినోడు ఠక్కున నూటపదిహేడు అంటాడు. జవాబు ఇద్దరిదీ ఒకటే. అయ్యవారు చూసేది ఆ పెదవుల్నే.

నేను ఉద్యోగంలో చేరినాక నాకు దొరికింది ఏకోపాధ్యాయ పాఠశాల. ఐదు తరగతులు, ఒక్క గది, ఒక్క నేను. నోటుబుక్కులన్నీ దిద్దేదానికి టైము యాడుంటాది? మూడో తరగతికి బోర్డు మీద ఒక లెక్క ఇచ్చి, చేసినాక పలకలు పైకెత్తండప్పా అనేవాణ్ని. ఒకసారి 402లోంచి 178 తీసేయమన్నా. జవాబు 224. పలకలు లేసినాయి. సగం పలకల మీద 376. రెండు మూడింటి మీద 234. తప్పులే గదా అని బెత్తం అందుకుంటే అయిపాయె. బాగా చూడు. 376 రాసినోడు ఏంచేసినాడు? రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచి రెండు తీసేసినాడు. సున్నలోంచి ఏడు పోదని ఏడు అట్లే దించినాడు. ఏ స్థానంలోనైనా పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని వానంతట వాడే ఒక రూలు పెట్టుకున్నాడు. 234 రాసినోడు అంతకంటే ముందుకు వచ్చినాడు. అప్పు తెచ్చుకునేది వానికి తెలుసు. నూర్ల నుంచి పదులకు తెచ్చినాడు, పదుల నుంచి ఒకటి ఒకట్లకు ఇచ్చినాడు, ఇచ్చినాక పది తొమ్మిదైందని మాత్రం మరిచిపోయినాడు. మార్కుల రిజిస్టర్లో ఇద్దరికీ సున్నే. నాకు మాత్రం వాళ్లిద్దరూ వేరే వేరే ఊర్లలో దారి తప్పినోళ్లు. మొదటోళ్లకు కాగితాలతో నూర్ల నోట్లు, పది నోట్లు చేసిచ్చి అంగడి ఆట ఆడించినా. చిల్లర మార్చకుండా బేరం కుదరదని వాళ్లకే తెలిసింది. రెండోవాళ్లకు సున్న మీద తొమ్మిది రాసే అలవాటు చేయిస్తే సరిపాయె.

ప్రోగ్రెస్ కార్డు మా బళ్లలో తల్లిదండ్రుల వేలిముద్ర కోసమే ఉండెనేమో అనిపిస్తాది. చదువు రాని తండ్రికి ఎర్రసిరా గీతలు కనపడతాయి గానీ, కొడుక్కి ఏం రాదో ఆ కార్డు చెప్పదు. ఆయన నా మొగం చూసి, మావాడు ఎట్ల సార్ అని అడిగేటోడు. ఆ మాటకు జవాబు చెప్పేదానికే నాకు పలకలు కావాల్సి వచ్చేది.

ఇప్పుడు మీ అత్త టీచరు గదా, అడుగు. విద్యాహక్కు చట్టం 2010 నుంచి అమల్లోకి వచ్చినాక నిరంతర సమగ్ర మూల్యాంకనం అన్నారు. ఎఫ్ఏలు, ఎస్ఏలు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష. ఆలోచన మంచిదే, నేను కాదనను. ఏడాదికొకసారి కాకుండా మధ్యమధ్యలో చూడమన్నారు, బట్టీ తగ్గించమన్నారు. అయితే ఆ ప్రాజెక్టు అట్ట సగం ఇండ్లలో తల్లులే చేస్తాండారు. మీ అత్తేమో రాత్రిపూట మార్కులన్నీ ఫోన్లో ఎక్కిస్తా కూర్చుంటాది. పలక చూసే టైము దానికి ఎవరిస్తారు?

అది అట్లుండనీ. నీ కార్డులో లెక్కలకు ఏ గ్రేడు ఉంది గదా, పదిహేడు ఎనిమిదుల ఎంత చెప్పు. ఆఁ ఆఁ, ఒకట్ల నుంచి మొదలుపెట్టొద్దు, నీ పెదవులు కనపడతాండాయి. పదిహేడు పదులు నూట డెబ్బై, అది నీకు తెలుసు. దాంట్లోంచి రెండు పదిహేడ్లు తీసెయ్. నిదానంగా చెయ్, ఈ లోపల నేను ఇంకో గుప్పెడు చెనక్కాయలు ఒలుస్తా.