సావిడినుంచి శస్త్రశాలదాకా

కృష్ణానది పులిగడ్డవద్ద పాయలుగా చీలి దివిసీమను చుట్టుకొనే చోటికి చేరువలోనే మోపిదేవి ఉన్నది. అక్కడి సుబ్రహ్మణ్యేశ్వరుడు పాముచుట్టమీద లింగరూపంలో దర్శనమిస్తాడు. సంతానం కోరేవారితోపాటు చర్మవ్యాధులతోను, కంటి బాధలతోను, చెవి బాధలతోను కుమిలేవారు తరతరాలుగా ఆ స్వామికి మ్రొక్కుకుంటూ వస్తున్నారు. అయితే ఈ నల్లరేగడి డెల్టాలో చర్మపు బాధ మనుష్యులకు మాత్రమే పరిమితం కాదు. కాడి రాపిడికి ఎద్దుమెడ వాస్తుంది. గేదె చెవిలో పుండుపడితే ఈగలు ముసురుతాయి. బురదలో దిగి నాట్లువేసే కూలివాని కాలిపగులు చీముపట్టి గజ్జలదాకా సలుపుతుంది. ఈ బాధలన్నిటిలోను సామాన్యంగా కనిపించేది వాపు. వైద్యులు దీనినే శోథ అంటారు. ఇది మనకు శత్రువా, మిత్రమా అనే ప్రశ్న రెండువేల ఏండ్లుగా వైద్యులను వేధించినది. దానికి సమాధానం కొంత శస్త్రశాలలోను, కొంత పశువుల సావిడిలోను దొరికినది.

క్రీస్తుశకం 1వ శతాబ్దంలో రోమకుడైన సెల్సస్ శోథకు నాలుగు గుర్తులు చెప్పినాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. సెల్సస్ పేరు విననివారికి కూడ మన పల్లెలలో ఈ గుర్తులు తెలుసును. వేడిమిని బట్టే మనవారు ఒక గడ్డకు సెగగడ్డ అని పేరుపెట్టినారు. ఆగి ఆగి పొడిచే నొప్పిని సలుపు అన్నారు. చీముపట్టి మెత్తబడినప్పుడు గడ్డ పండినదన్నారు.

ఈ పండటం అనే మాట వెనుక పెద్ద శాస్త్రమున్నది. సుశ్రుతసంహిత సూత్రస్థానంలో ఒక అధ్యాయమంతా దీనికే కేటాయింపబడినది. వాపు ఆమము, పచ్యమానము, పక్వము అనే మూడు దశలలో నడుస్తుందని, అనగా పచ్చిగా ఉండి, పండుతూ ఉండి, పండుతుందని సుశ్రుతుడు విభజించినాడు. పచ్చిగడ్డను కోస్తే నెత్తురుపోవును, నాళములు తెగును, నొప్పి హెచ్చును. పండినదానిని కోయకుండ ఉపేక్షిస్తే చీము లోలోపల దారులు చేసుకొని నాడీవ్రణమగును. కనుక తొందరపడి కోసినవానిని, కోయవలసినప్పుడు ఊరకున్నవానిని అతడు సమానంగా నిందించినాడు. శస్త్రవైద్యునికి కత్తి పట్టే నేర్పు ఎంత అవసరమో కాలమెరుగుట అంత అవసరమని దీని భావం. కాడిమెడ వాచిన ఎద్దుకు మొదటి మందు విశ్రాంతి అని ఎరిగిన రైతుది కూడ ఈ విజ్ఞతయే.

పశ్చిమదేశాలలో ఈ ఆలోచనను మరొక మెట్టు ఎక్కించినవాడు జాన్ హంటర్. లండనులో శస్త్రవైద్యుడైన ఈయన మనుష్యులతోపాటు అనేక జంతువుల శరీరాలను కోసి పరిశీలించినాడు. 1791లో లండనులో పశువైద్య కళాశాల స్థాపించినప్పుడు దానికి అండగా నిలిచినవారిలో ఆయన ఒకడు. రక్తము, శోథ, తుపాకి గాయములనుగూర్చి ఆయన వ్రాసిన గ్రంథం ఆయన మరణానంతరం 1794లో వెలువడినది. శోథ తనంతట తాను రోగము కాదనీ, దెబ్బకో రోగానికో శరీరం ఇచ్చే జవాబనీ, చాలవరకు అది మేలుకే వస్తుందనీ ఆయన బోధించినాడు.

ఆ మేలు ఎట్లు జరుగుతుందో కంటికి కనబడటానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టినది. 1867లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కోన్‌హైమ్ కప్పశరీరాన్ని సూక్ష్మదర్శినిక్రింద ఉంచి, శోథ కలిగినచోట తెల్లకణాలు నాళాల గోడలను దాటి వెలుపలికి వచ్చుటను వర్ణించినాడు. 1882లో మెస్సీనా సముద్రతీరాన మెచ్నికాఫ్ నక్షత్రచేప పిల్లలకు గులాబిముళ్ళు గ్రుచ్చి, మరునాటికి ముల్లుచుట్టూ కణాలు మూగియుండుట చూచినాడు. కప్ప, చేప, గేదె, మనిషి — దెబ్బ తగిలినచోటికి కావలివారు పరుగెత్తి రావటమనే ధర్మం అన్నిటికీ ఒకటే.

అయితే కావలివారు రావటం వేరు, చీము కారటం వేరు. గాయం మానాలంటే చీముపట్టాలని యూరపులో శస్త్రవైద్యులు చాలకాలం నమ్మినారు. 1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను శుభ్రపరచి, చీము లేకుండనే అవి మానగలవని చూపినాడు. వాపు శరీరపు ప్రయత్నం. చీమునకు మూలం క్రిములు. ఈ భేదం తెలిసిన తరువాతనే శస్త్రశాల ప్రాణభయం లేని చోటు కాసాగినది.

ఇక మన డెల్టాకు వద్దాము. క్రిమివల్ల కలిగే శోథకు ఇక్కడ రెండు ఉదాహరణలున్నవి. ఒకటి బోదకాలు. దోమకాటుతో ప్రవేశించిన సూత్రక్రిములు రసనాళాలలో కాపురముండి వాటిని చెడగొట్టును. ఆపైన చిన్న గాయంలోనుంచి మరొక క్రిమి చేరినప్పుడెల్ల జ్వరముతో కాలు వాచి, క్రమంగా మొద్దుబారును. పురుషులలో వరిబీజం కలిగి శస్త్రచికిత్స అవసరమగును. రెండవది గేదెల చెవిపుండు. 1958లో ఎస్. ఎన్. సింగ్ అనే శాస్త్రజ్ఞుడు మనదేశపు గేదెల చెవిపుండ్లలో ఒక క్రొత్త సూత్రక్రిమిని గుర్తించి దానికి స్టెఫనోఫైలేరియా జహీరీ అని పేరుపెట్టినాడు. ఈ జాతి క్రిములను మోసేది ఈగ. చర్మం దళసరియై, వెంట్రుకలు ఊడి, దురదకు పశువు గుంజను రాచుకొనును. ఆ రాపిడికి పుండు మరింత పెరుగును. రెండింటిలోను పైకి కనబడేది వాపు. కాని అసలు పని ఉన్నది దోమ పుట్టే మురుగుగుంటలోను, ఈగ ముసిరే పేడకుప్పలోను.

బోదకాలు క్రిమికి మందు వెదకిన పరిశోధకబృందానికి నాయకుడు మన పొరుగు డెల్టావాడే. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధనలను నడిపినాడు. 1947లో అక్కడ వెలువడిన హెట్రజాన్‌ను మొదట పత్తి ఎలుకలలోను, కుక్కలలోను ఉన్న సూత్రక్రిములమీద పరీక్షించి, పిమ్మట మనుష్యులకు ఇచ్చినారు. అది నెత్తురులోని పిల్లక్రిములను చంపునేగాని, ముదిరిన వాపును తగ్గింపజాలదు. అందుకే కాలును దినదినము సబ్బుతో కడిగి, తడి తుడిచి, పగుళ్ళు లేకుండ కాపాడుకోవటం నేటికీ చికిత్సలో ముఖ్యభాగం. ఆ ప్రయోగశాలలోనే రూపొందిన అమినోప్టెరిన్ కాన్సరుకోసం పుట్టిన మందు. సుబ్బారావు 1948లో మరణించినాడు. 1951లో ఆ మందు కీళ్ళవాతం గల రోగుల కిచ్చినప్పుడు సోరియాసిస్ అనే చర్మవ్యాధి తగ్గుట కనిపించినది. దానికి సోదరప్రాయమైన మెథోట్రెక్సేట్ ఈనాడు ఆ రెండు వ్యాధులలోను వాడుకలో ఉన్నది. ఇచ్చట శోథ కావలివాడు కాదు, దారితప్పి సొంత ఇంటినే దోచేవాడు. వానిని అదుపుచేయక తప్పదు.

1971లో జాన్ వేన్ ఆస్పిరిన్ పనిచేసే తీరును కనుగొన్నాడు. నొప్పిని, వాపును పెంచే ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనాలు పుట్టకుండ అది అడ్డుపడును. ఈ రసాయనాలు పశువులోను, మనిషిలోను ఒకటే. కనుక మనిషి మందులు సావిడికీ చేరినవి. వాటిలో డైక్లోఫెనాక్ ఒకటి. అది పశువు బాధను తగ్గించినది. కాని ఆ మందు ఒంటిలో ఉండగా చచ్చిన పశువును తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి కూలినవని 2004లో వెల్లడియైనది. భారతదేశంలో 1992లో ఉన్న తెల్లవీపు రాబందులలో 2007నాటికి వెయ్యింటికి ఒక్కటి మాత్రమే మిగిలినది. 2006లో పశువులకు ఆ మందు వాడుకను ప్రభుత్వం నిషేధించినది. రాబందుకు హానిచేయని మెలోక్సికామ్ దానికి మారుగా వచ్చినది. ఒక వాపుకు వేసిన మందు సావిడి దాటి, ఊరిబయలు దాటి, ఆకాశందాకా పోయినది.

కాబట్టి వాపును చూడగానే సూదిమందు వేయించటమూ, ఇనుము కాల్చి వాతపెట్టడమూ, తొందరపడి కోయించటమూ వివేకం కాదు. అట్లని మ్రొక్కుకొని ఊరకుండటమూ సరికాదు. మ్రొక్కు మనసుకు ధైర్యమిచ్చును. గాయాన్ని కడుగవలసినది మన చేయి. ఇది దేనివల్ల వచ్చినది, ఏ దశలో ఉన్నది అని వైద్యుడు మొదట తెలుసుకోవలె. నేడు గన్నవరంలో పశువైద్య కళాశాల ఉన్నది, ఊళ్ళలో వైద్యశాలలున్నవి. ఎద్దుమెడ వాచిననాడే కాడి దింపి, కాలిపగులు కనిపించిననాడే కడిగి కట్టుకట్టి, వైద్యునికి చూపించే ఇంటిలో కత్తితో పని చాలవరకు పడదు.